చిరునామా దాచుకున్న పేజీలు: ఒక కాలేజీ సైటులో ఫ్రేములు తీసేసిన కేస్ స్టడీ

ఫోన్ చేసింది ఆఫీసు సూపరింటెండెంట్ గారు. "సార్, హోస్టింగు వాళ్లు మొన్న సైటుకి తాళం గుర్తు వచ్చేలా చేశారట. అప్పట్నుంచీ రిజల్ట్స్ తెల్లగా వస్తున్నాయి. పైన కాలేజీ పేరుంది, ఎడమ పక్కన మెనూ ఉంది, మధ్యలో ఖాళీ. పిల్లలు కౌంటరు దగ్గర గుమిగూడారు. కాస్త వెంటనే చూడండి."

కోస్తాలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ అది. 2019 వేసవి. బ్రౌజరులో కన్సోల్ తెరవగానే ఎర్ర అక్షరాల్లో 'మిక్స్‌డ్ కంటెంట్' అని కనబడింది. సైటేమో హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి (దారిలో ఎవరూ చదవలేని సంకేతాలుగా మార్చి) పంపే పద్ధతికి మారింది. రిజల్ట్స్ లింకులో మాత్రం పాత హెచ్‌టీటీపీ అడ్రసు మొదలు నుంచి చివరిదాకా రాసి ఉంది. ఎన్‌క్రిప్ట్ అయిన పేజీ లోపలి ఫ్రేములో ఎన్‌క్రిప్ట్ కాని పేజీని తెరవబోతే బ్రౌజరు అడ్డుకుంటుంది. ఆ ఒక్క లింకు సరిచేస్తే రిజల్ట్స్ వచ్చేశాయి, పట్టుమని పది నిమిషాల పని. కానీ సోర్సు చూసినప్పుడు ఫైలు మొదట్లోనే తెరని ముక్కలు చేసి ఒక్కో ముక్కలో (ఫ్రేములో) ఒక్కో పేజీ చూపించే 'ఫ్రేమ్‌సెట్' అన్న ట్యాగు కనబడింది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో 5వ వెర్షను అధికారిక ప్రమాణంగా వచ్చింది 2014 అక్టోబరులో. ఇక వాడకూడదని అది పక్కన పెట్టేసిన ట్యాగుల్లో ఇదొకటి. పాత సైట్లు పాడవకూడదని బ్రౌజర్లు ఇప్పటికీ దాన్ని చూపిస్తాయి గనక, ఆ కాలేజీలో ఎవరికీ అది సమస్యగా తోచలేదు.

పది నిమిషాల పనికని మొదలుపెట్టింది చివరికి సైటు మొత్తం విప్పి మళ్లీ కట్టేదాకా పోయింది. ఇందులో నేను తప్పుదారి పట్టిన చోట్లు కూడా ఉన్నాయి. పాత ప్రభుత్వ, విద్యాసంస్థల సైట్లు బాగుచేసే పని నెత్తిన పడ్డవాళ్లకి పనికొస్తుందని అన్నీ రాస్తున్నాను.

సైటు అమరిక ఇదీ. తెరని మూడు ముక్కలు చేశారు. పైన 90 పిక్సెళ్ల ఎత్తున బ్యానరు, ఎడమవైపు 180 పిక్సెళ్ల వెడల్పున మెనూ, మిగిలిన చోటంతా 'మెయిన్' అని పేరు పెట్టిన ఫ్రేము. ఒక్కో ముక్కలో ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరుచుకుంటుంది. ఎడమ పక్క లింకు నొక్కితే మెయిన్ ఫ్రేములో పేజీ మారుతుంది, తక్కిన రెండూ కదలవు. ఈ మూడింటినీ కలిపి పట్టుకునే ఇండెక్స్ ఫైలు మరొకటి ఉంటుంది. పై అడ్రసు పట్టీలో ఎప్పుడూ కనిపించేది ఆ ఇండెక్స్ ఫైలు అడ్రసే.

దీన్ని కట్టినాయన ఆ కాలేజీలోనే కంప్యూటర్స్ చెప్పే లెక్చరర్. 2003లో ఒక్కడే కూర్చుని చేశారు. ఇప్పటి కళ్లతో చూసి ఆయన్ని తప్పుపట్టడం అన్యాయం. ఫ్రేముల్ని నెట్‌స్కేప్ నావిగేటర్ 2 తెచ్చింది, 1996లో. 1997 డిసెంబరులో హెచ్‌టీఎంఎల్ 4.0 వాటిని ప్రమాణంలోకి తీసుకుంది. కాలేజీలో అప్పుడున్నది ఫోన్ లైను మీద మోడెమ్. ప్రతి క్లిక్కుకీ బ్యానరు బొమ్మా మెనూ మళ్లీ దిగాల్సిన పని లేకపోవడం నిజమైన సౌకర్యమే. కొత్త కోర్సు వచ్చిందంటే మెనూ ఫైలు ఒక్కటి మారిస్తే సైటంతా మారిపోయేది. సర్వర్ మీద ప్రోగ్రాములు నడిపే వీల్లేని చవక హోస్టింగులో అంతకంటే సులువైన దారి ఆయనకి కనబడి ఉండదు. జావా అనే ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్ కూడా చాలా ఏళ్లు మూడు ఫ్రేముల్లోనే నడిచింది. జావా 9లో వెతుకుడు పెట్టె వచ్చాక, 2019లో జావా 13తో గానీ ఫ్రేముల్ని పూర్తిగా వదిలించుకోలేదు.

అయితే అసలు చిక్కంతా ఆ అడ్రసు దగ్గరే ఉంది. మనిషి చూస్తున్నదొకటి, అడ్రసు పట్టీలో ఉన్నదొకటి. కాలేజీ వాళ్లు విడివిడిగా చెప్పుకొచ్చిన ఇబ్బందుల్ని ఒక్కొక్కటే తవ్వుతూ పోతే దాదాపు అన్నీ అక్కడికే చేరాయి.

సెమిస్టర్ రిజల్ట్స్ రోజు క్లాసు రిప్రజెంటేటివ్ రిజల్ట్స్ పేజీ తెరిచి, పైనున్న లింకు కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. గ్రూపులో నొక్కిన ప్రతివాడికీ ప్రిన్సిపాల్ గారి ఫొటోతో హోమ్ పేజీ తెరుచుకుంటుంది. "ఎక్కడుందిరా?" "ఎడమ పక్క, కింద నుంచి నాలుగోది." "నాకు ఎడమ పక్క ఏమీ లేదు, ఫోన్లో చూస్తున్నా." ఈ మాటలు నేను ఆ గ్రూపు స్క్రీన్‌షాట్‌లో చదివాను. ఏటా రెండుసార్లు ఇదే తంతు. అందుకే ఆఫీసు వాళ్లు రిజల్ట్స్ ప్రింట్ తీసి నోటీసు బోర్డుకి అంటించడం మానలేదు. ఆ ప్రింటు కూడా సజావుగా వచ్చేది కాదు. వాళ్ల పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చివరగా ఏ ఫ్రేములో క్లిక్ చేశారో అదే కాగితం మీదికొచ్చేది. మెనూ మాత్రమే అచ్చయిన కాగితాలు ప్రింటర్ పక్కన చిత్తు రాసుకోవడానికి కట్టకట్టి ఉన్నాయి.

దీనికి తిరగేసి ఇంకొకటి జరిగింది. అది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. గూగుల్ ఫ్రేమ్‌సెట్‌ని ఒక పేజీగా చూసుకోదు, లోపలి ఫైళ్లని విడివిడిగా ఎత్తి పెట్టుకుంటుంది. పక్క ఊరి తండ్రి ఒకాయన గూగుల్‌లో వెతికితే ఫీజుల పట్టిక దొరికింది. అది సైటులోంచి లింకు తీసేసినా సర్వర్ మీద అలాగే పడి ఉన్న పాత ఫైలు. కాలేజీ పేరూ విద్యాసంవత్సరమూ ఉండేది పై బ్యానరులో. ఈ ఫైలు ఒంటరిగా తెరుచుకున్నప్పుడు అవి రెండూ లేవు, ఎటు వెళ్లాలో చెప్పే మెనూ లేదు, ఉన్నది ఒక పట్టిక. ఆయన ఆ డబ్బు సర్దుకుని కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. కౌంటరు దగ్గర చెప్పిన మొత్తం దానికి ఇంచుమించు రెట్టింపు. ఆయన ఫోన్ తీసి చూపించి, "మీ సైటే కదండీ ఇది?" అని అడిగారట. ఆ మాట నాతో చెబుతున్నప్పుడు సూపరింటెండెంట్ గారు తల దించుకున్నారు. కొత్తగా కడదామని మేనేజ్‌మెంటు ఒప్పుకోవడానికి నేను చెప్పిన సాంకేతిక కారణాలేవీ పనిచేయలేదు, ఈ ఒక్క సంఘటన చాలింది.

ఇలా అనాథగా తెరుచుకునే పేజీలకి పాత రోజుల్లో ఒక మందు వాడేవారు. పేజీ ఫ్రేము లోపల లేకపోతే వెంటనే హోమ్ పేజీకి నెట్టేసే రెండు లైన్ల జావాస్క్రిప్టు. ఈ సైటులోనూ కొన్ని పేజీల్లో అది కనబడింది. గూగుల్ నుంచి సిలబస్ కోసం వచ్చినవాడు సిలబస్ కళ్లబడేలోపే హోమ్ పేజీలో తేలతాడు. రోగం కంటే మందే బాధాకరం.

బీఏ రెండో సంవత్సరం చదువుతున్న ఒకమ్మాయికి చూపు లేదు. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరు వాడుతుంది. ఆమె సైటు ఎలా వింటుందో చూపించమని అడిగి, ల్యాబులో పక్కన కూర్చున్నాను. మొదట ఇంగ్లిషులో "ఫ్రేమ్" అన్నది. తర్వాత బ్యానరు, మళ్లీ "ఫ్రేమ్", ఆపైన మెనూలో లింకులు ఒకదాని వెంట ఒకటి. ఏ ఫ్రేముకీ టైటిల్ ఇవ్వలేదు గనక ఏది మెనూయో ఏది అసలు విషయమో చెప్పే మాట ఎక్కడా లేదు. ఫ్రేములకి పేర్లు పెట్టాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 1999లోనే చెప్పాయి. ఆమె 'స్కాలర్‌షిప్స్' దగ్గర ఎంటర్ నొక్కింది. తెర మీద కుడివైపు పేజీ మారడం నాకు కనబడింది. ఆమెకి ఏమీ వినబడలేదు. పై పేజీ పేరు మారలేదు, ఆమె ఉన్న చోటూ మారలేదు. ఇంకోసారి నొక్కింది. "నెట్ స్లోగా ఉందేమో సార్" అంది. మూడేళ్ల కోర్సులో రెండో ఏడు నడుస్తోంది, ఆ స్కాలర్‌షిప్ పేజీ ఆమె ఒక్కసారి కూడా వినలేదు. స్నేహితురాలు చదివిపెడితే అప్లై చేసుకుందట.

బ్యానరు ఫ్రేము ఎత్తు 90 పిక్సెళ్లు, స్క్రోలు లేదు, సాగదీసే వీలూ లేదు. ఇంగ్లిషు పేరుకి అది సరిపోయింది. తర్వాతెప్పుడో దాని కింద తెలుగులో ఒక వరుస చేర్చారు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి, వరుసకి ఎత్తు ఎక్కువ కావాలి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటుతో చూసినప్పుడు ఎలా ఉండేదో గానీ, నా మెషీన్లో 'ప్రభుత్వ' అన్న మాటలో కింది వత్తు సగానికి కోసుకుపోయింది. చూపు మందగించినవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఆ వరుస మొత్తం మాయం. ఎత్తుని పిక్సెళ్లలో బిగించేసి తెలుగు రాయకూడదన్నది నేను ఫ్రేములున్నా లేకపోయినా పాటించే నియమం.

ఫోన్ సంగతి. పేజీని ఫోన్ తెర వెడల్పుకి సర్దమని చెప్పేది వ్యూపోర్ట్ ట్యాగు. అది లేని పేజీని మొబైల్ బ్రౌజరు సుమారు 980 పిక్సెళ్ల వెడల్పు అనుకుని పరిచి, చీమల బారులా కుదించి చూపిస్తుంది. లోపలి ఫైళ్లలో వ్యూపోర్ట్ ట్యాగు పెట్టినా లాభం లేదు, అందరికంటే పై పేజీలో ఉన్నదే లెక్క. సరే కదా అని ఇండెక్స్ ఫైల్లోనే పెట్టి చూశాను. 360 పిక్సెళ్ల తెరలో 180 మెనూకే పోయింది. మిగతా సగంలో రిజల్ట్స్ పట్టిక ఒక్కో వరుసకి ఒక్కో అంకె కనబడేలా ఇరుక్కుపోయింది. ఇక దీనికి అతుకులు వేసి లాభం లేదని అప్పుడే తేలిపోయింది.

అయినా అతుకే వేశాను. అడ్మిషన్లు మొదలవడానికి రెండు వారాలే ఉంది, కేటాయించిన డబ్బు కొంచెం. కొత్తగా ఒక చక్కటి పేజీ చేసి, పైన బ్యానరు, కింద మెనూ, మధ్యలో ఒక ఐఫ్రేము (మామూలు పేజీ మధ్యలో ఇంకో పేజీని చూపించే పెట్టె) పెట్టి పాత లోపలి పేజీలన్నీ అందులో తెరుచుకునేలా చేశాను. ఐఫ్రేముకి ప్రమాణంలో ఇప్పటికీ చోటుంది కాబట్టి మరీ తప్పేం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో అందంగా వచ్చింది. రెండో రోజుకే తత్వం బోధపడింది. లోపలి పేజీ ఎంత పొడవుంటుందో బయటి పేజీకి తెలియదు కాబట్టి స్క్రోలు పట్టీలు రెండు వచ్చాయి. ఫోన్లో వేలు పెట్టి జరిపితే ఏది కదులుతుందో చెప్పలేం. అన్నిటికంటే ముఖ్యం, అడ్రసు మళ్లీ ఒక్కటే. సూపరింటెండెంట్ గారు రిజల్ట్స్ లింకు పంపితే నాకు హోమ్ పేజీ తెరుచుకుంది. ట్యాగు పేరు మార్చి పాత సైటునే మళ్లీ కట్టాను. తీసేసి, క్షమించమని చెప్పి, ఇంకో పది రోజులు అడిగాను.

ఈసారి పని అసలు చోట మొదలైంది. లోపలి ప్రతి పేజీకీ సొంత ఫైలుంది, అంటే సొంత అడ్రసు మొదటినుంచీ ఉంది. ఫ్రేమ్‌సెట్ దాన్ని దాచిపెట్టిందంతే. కాబట్టి ఫైళ్ల పేర్లు ఒక్కటీ మార్చకూడదని నిర్ణయించుకున్నాను. గూగుల్‌లో ఉన్నవీ, పాత మెయిళ్లలో ఉన్నవీ అలాగే పనిచేస్తాయి. బ్యానరునీ మెనూనీ రెండు చిన్న ఫైళ్లు చేసి, సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ భాషలోని 'ఇన్‌క్లూడ్'తో ప్రతి పేజీలోనూ సర్వరే కలిపి పంపేలా పెట్టాను. మెనూ ఒక్కచోట మారిస్తే అంతటా మారాలన్న ఆ లెక్చరర్ గారి కోరిక ఇప్పటికీ నెరవేరుతుంది. ఇంతకంటే ఆధునికమైన పద్ధతులు ఉన్నాయి. రేపు ఈ సైటుని చూసుకోవాల్సింది ల్యాబ్ అసిస్టెంటు గనక ఆయన నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోగలిగేదే ఎంచుకున్నాను. ప్రతి పేజీకీ దాని సొంత టైటిల్, పైన కాలేజీ పేరు, ఫీజులూ నోటీసుల మీద విద్యాసంవత్సరం. పనికిరాని పాత ఫీజు పట్టికల్ని ఇప్పటి పట్టికకి 301తో (పేజీ శాశ్వతంగా అక్కడికి మారిందని సర్వరు చెప్పే సంకేతం) మళ్లించాను. హోమ్ పేజీకి నెట్టే ఆ జావాస్క్రిప్టుని వెతికి వెతికి తీసేశాను.

కొత్త ఫైళ్లు సర్వర్ మీదికి పంపిన గంటలోనే ఫోను. హోమ్ పేజీలో ఏ లింకు నొక్కినా కొత్త ట్యాబులో తెరుచుకుంటోంది. పాత మెనూ ఫైలు తల భాగంలో 'బేస్ టార్గెట్' అని ఒక ట్యాగుంది, అన్ని లింకుల్నీ మెయిన్ ఫ్రేములో తెరవమని. ఆ ఫైలుని ఇన్‌క్లూడ్ చేసినప్పుడు అదీ వెంటబడి వచ్చేసింది. మెయిన్ అన్న పేరుతో ఫ్రేమేదీ దొరక్కపోయేసరికి బ్రౌజరు అదే పేరుతో కొత్త ట్యాబు తెరుస్తోంది. ఇదికాక పేజీల లోపల విడివిడి లింకుల్లోనూ టార్గెట్ మాటలు నాటుకుని ఉన్నాయి. ఫ్రేములు తీసే పని పెట్టుకున్నవాళ్లు ముందు మొత్తం ఫోల్డరులో 'టార్గెట్' అని వెతికి, వచ్చిన ప్రతి చోటునీ కళ్లతో చూడాలి. పాత సైటులో దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉండేది. హోమ్ లింకుకి టార్గెట్ ఇవ్వడం మరిచిన చోట, మెయిన్ ఫ్రేము లోపల ఇండెక్స్ ఫైలే తెరుచుకుని, కాలేజీ బ్యానరు కింద మళ్లీ కాలేజీ బ్యానరు వచ్చేది.

'నేటి వార్తలు' అన్న లింకు మెయిన్ ఫ్రేములో ఒక తెలుగు దినపత్రిక సైటుని తెరిచేది. పైన కాలేజీ పేరు, లోపల ఎవరో రాసిన వార్త. ఎవరి సరుకు ఎవరి పేరు కింద ఉందో తెలియని ఈ పద్ధతి మీద 1997లోనే అమెరికాలో కేసు పడింది. వాషింగ్టన్ పోస్ట్‌తో పాటు మరికొన్ని వార్తా సంస్థలు టోటల్ న్యూస్ అనే సైటు మీద దావా వేశాయి. మామూలు లింకులు ఇవ్వొచ్చు, ఫ్రేములో బిగించి చూపకూడదన్న ఒప్పందంతో ఆ ఏడే రాజీ కుదిరింది. కాలేజీ వాళ్లకి ఈ సంగతి చెప్పి, దాన్ని మామూలు లింకుగా మార్చాను.

ఫీజు చెల్లింపు దగ్గర మాత్రం వాదన గట్టిగానే జరిగింది. బ్యాంకు పేమెంటు పేజీ మన సైటులోనే, మన బ్యానరు కిందే కనబడాలని మేనేజ్‌మెంటు పట్టు. ఐఫ్రేములో పెట్టి చూపించాను. బూడిద రంగు పెట్టె, అందులో 'కనెక్ట్ అవడానికి నిరాకరించింది' అన్న ఇంగ్లిషు వాక్యం. బ్యాంకు సర్వర్ పడిపోయిందనుకున్నారు. అది పడిపోలేదు, కావాలనే రానివ్వలేదు. 2008లో క్లిక్‌జాకింగ్ అన్న మోసం బయటపడింది. అసలు పేజీని కంటికి కనబడకుండా ఫ్రేములో పెట్టి, పైన ఇంకేదో బొత్తాం చూపించి, మనిషికి తెలియకుండా లోపలి బొత్తాం నొక్కించేస్తారు. మరుసటి ఏడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8తో ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ అన్న హెడరు వచ్చింది. నన్ను ఎవరి ఫ్రేములోనూ చూపించొద్దని సర్వరు ముందే చెప్పేస్తుంది. డబ్బు కట్టే మనిషికి పైన బ్యాంకు అడ్రసు కనబడి తీరాలి. అది బ్యాంకేనని చూసుకోవడానికి అతనికున్న ఆధారం అదొక్కటే. కాలేజీ బ్యానరు కింద కార్డు నంబరు కొట్టడం పిల్లలకి అలవాటు చేస్తే, రేపు ఎవడో అదే బ్యానరుతో దొంగ సైటు పెట్టినా కొట్టేస్తారు. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గలేదు. ఇప్పుడు 'ఫీజు కట్టండి' నొక్కితే పూర్తి పేజీగా బ్యాంకుకే వెళుతుంది.

లైబ్రరీ క్యాటలాగుని మాత్రం వాళ్ల మాట మీద ఐఫ్రేములోనే ఉంచాను, అది వేరే డొమైన్ మీద నడుస్తుంది. 2020లో క్రోమ్ 80 కుకీల (లాగిన్ లాంటివి గుర్తుంచుకోవడానికి సైటు బ్రౌజరులో దాచే చిన్న సమాచారం) నియమం బిగించాక పిల్లలు లాగిన్ అయిన మరుక్షణమే బయటికి పడిపోవడం మొదలైంది. వేరే సైటు లోపలి ఫ్రేములో ఉన్నప్పుడు, ఆ క్యాటలాగు తన కుకీ మీద ప్రత్యేకంగా అనుమతి రాసి ఉంచకపోతే బ్రౌజరు దాన్ని పంపదు. దాన్నీ లింకు చేశాం. ఇప్పుడు సైటులో మిగిలిన ఐఫ్రేము కాలేజీకి దారి చూపే గూగుల్ మ్యాపు ఒక్కటే. దానికి టైటిల్ ఇచ్చాను, పేజీ అంత దూరం జరిగితేనే లోడ్ అయ్యేలా పెట్టాను. అలాంటి వాటికి ఐఫ్రేము బాగా సరిపోతుంది.

అన్నీ అయిపోయాయనుకున్నాక ఒక లెక్చరర్ మేడమ్ ఫోన్ పంపి చూడమన్నారు. తెర మీద మళ్లీ చీమల బారులు, అడ్రసు మళ్లీ ఒక్కటే. సర్వర్ మీద ఫ్రేమ్‌సెట్ ఫైలే లేదు, ఎక్కడ్నుంచి వస్తోందో అర్థం కాలేదు. చివరికి అడ్రసు జాగ్రత్తగా చదివితే అది వేరే డొమైన్. ప్రాస్పెక్టస్ మీద అచ్చువేయడానికి తేలిగ్గా ఉంటుందని ఎప్పుడో ఒక పొట్టి పేరు కొని, దాన్ని రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీ) దగ్గర 'మాస్కింగ్'తో ఫార్వర్డ్ చేశారు. మాస్కింగ్ అంటే ఆ కంపెనీ ఒకే ఫ్రేమున్న పేజీ తయారుచేసి, మన సైటు మొత్తాన్నీ అందులో పెట్టి చూపిస్తుంది. పొట్టి పేరు పైన అలాగే నిలబడుతుందని దీన్ని సదుపాయంగా అమ్ముతారు. మన పేజీలో వ్యూపోర్ట్ ట్యాగు ఉన్నా పైనున్నది వాళ్ల పేజీ కాబట్టి చెల్లదు. మన ఊళ్లలో చిన్న ఆస్పత్రులకీ బట్టల షాపులకీ ఈ ఏర్పాటు చాలా చోట్ల చూశాను, తమ సైటు ఫ్రేములో ఉందని వాళ్లకే తెలియదు. పేజీ సోర్సు తెరిస్తే పది లైన్లకి మించి ఉండకపోవడం దాని ఆనవాలు. రిజిస్ట్రార్ ప్యానెల్‌లో మాస్కింగ్ తీసి మామూలు 301 ఫార్వర్డింగ్ పెట్టమన్నాను. పాస్‌వర్డు రిటైరైపోయిన ఒక గుమస్తా గారి మెయిల్లో ఉంది. అది రాబట్టేసరికి పదకొండు రోజులు పట్టింది.

ఆ అమ్మాయితో మళ్లీ కూర్చున్నాను. 'స్కాలర్‌షిప్స్' దగ్గర ఎంటర్ నొక్కగానే పేజీ పేరు వినబడింది, తర్వాత శీర్షిక, తర్వాత ఆఖరు తేదీ. మెనూని దాటించి నేరుగా విషయానికి తీసుకెళ్లే లింకు ఒకటి మొదట్లో పెట్టాను, దాన్ని ఆమె నేను చెప్పకముందే పట్టుకుంది. ఆఖరు తేదీ తెలుగు అంకెల్లో రాసి ఉంటే తన మెషీన్ సరిగ్గా పలకడం లేదనీ మామూలు అంకెలు పెట్టమనీ అడిగింది. అక్కడే కూర్చుని మార్చాను.

పాత నోటీసులు కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. అవి అన్ని భాషలకీ ఉమ్మడి అక్షర పద్ధతి అయిన యూనికోడ్ వాడుకలోకి రాకముందటి ఫాంటులో కొట్టినవి, ఫోన్లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. వాటిని మార్చే పని ల్యాబ్ అసిస్టెంటు వారానికి కొన్ని చొప్పున చేస్తున్నారు. పూర్తయిన ప్రతిదాని లింకూ నాకు వాట్సాప్‌లో పంపుతారు, నొక్కితే ఆ నోటీసే తెరుచుకుంటుంది.